పీతల పని

తుపాను వెలిశాక, రాజోలు దగ్గర మునిగిన వరిచేల గట్టు మీద ఇద్దరు ఇరుగుపొరుగు రైతులు నిలబడ్డారు. ఒకాయన కొత్త పంపు నీటిని మురుగుకాలువలోకి తోస్తోంది; రెండో ఆయన మోటారు పక్క చేలో సన్నగా తోడుతోంది.

“అంత లావు గొట్టం పెట్టేరు, నీళ్ళు మనిషెత్తు కూడా ఎక్కవేంటండీ? నా మోటారు మేడమీద ట్యాంకు నింపుతుంది.”

“ఆయ్, నింపుతుందండి. దీని గొట్టంలో ఫ్యాను రెక్కల్లాంటివి ఉంటాయండి. ఎత్తుకి ఎక్కించలేవు గానీ ఏరులా తోసేస్తాయి. మనకి కాలువగట్టు దాటితే చాలు కదండీ.”

“మా ఆవిడా పొద్దున్నించీ మీ పంపునే పొగుడుతోంది. నా చేను కుళ్ళిపోతే మీకు పండగే.”

“మీ చేను చూసేరా? వెన్నులు నీళ్ళలోంచి బయటపడ్డాయండి.”

“నా మోటారు మహిమ! అరె, మన మధ్య గట్టుకి ఈ గండేంటండీ? నా నీళ్ళన్నీ మీ పంపు దగ్గరికే పోతున్నాయి!”

“పీతలు తొలిచేసుంటాయండి.”

మోటారాయన వంగి గండి అంచు తడిమి చూశాడు.

“ఇంత నున్నగానా? పీతలకి పార ఎవరిచ్చేరండీ?”