ఫెనెల్ తరఫు సాక్షులు

కాదమ్మా లేబరు ఇనస్పెక్టరమ్మా, ముందిలా వచ్చి నా పక్కన కూర్చో. మీరూ దగ్గరికి రండర్రా. కాఫీ వేడిగా ఉంది, నేను చెప్పేది అంతకంటే వేడిగా ఉంది.

ఏమన్నాడూ మా దొరగారు డాన్ ఎవారిస్తో? "ఫెనెల్ ఎవడో నాకు తెలీదు, నా చెరకుతోటలో వాడెప్పుడూ పనిచెయ్యలేదు" అన్నాడా? మరియమ్మ తల్లి వింటోంది, నేను నవ్వకూడదు.

మరి నా ఇంట్లో, ఆ గదిలో చెయ్యి నలిగి పడున్నదెవరు తల్లీ? చెరకుబండి చక్రం కింద పడింది ఆ చెయ్యి. పట్నంలో ఆపరేషన్ చేస్తే వేళ్లు దక్కుతాయట. యజమాని చేయించాలి. యజమానేమో వాడు నా మనిషే కాదంటాడు.

కాగితాలా? లేవమ్మా. హైతీ నుంచి సరిహద్దు దాటి ఈ డొమినికన్ గడ్డ మీదికి వచ్చినవాడికి కాగితాలెక్కడివి? బండి తోలమన్ననాడు డాన్ అడగలేదు. చెయ్యి నలిగాక గుర్తొచ్చాయి, పాపం.

మొన్న పూజలో ఫాదర్ గారు చెప్పారు. ఈ అమెరికా దేశాలన్నిటికీ ఒక పెద్ద కోర్టుందట. కాగితాలున్నా లేకున్నా, పనిలో దిగినవాడికి పనివాడి హక్కులుంటాయని తేల్చిందట. నీకు తెలియనిదా? పనిచేశాడని రుజువేదీ అంటావు, అంతేగా?

అదిగో, నీ జీపుకి అడ్డంగా నిలబడ్డ జోడెద్దులు. అది కర్నల్, ఇది లుసేరో. తొడ మీద డాన్ గారి ముద్ర కనిపిస్తోందా? ఆయనా వచ్చాడే. తోలండి డాన్, మీ ఎద్దులేగా.

చూడమ్మా, తోక పట్టుకుని లాగుతున్నాడు. కర్నల్ ఏదో నములుతూ ఆయన టోపీ వాసన చూస్తోంది. ఆయన మేస్త్రీ ములుగర్ర ఎత్తాడు, లుసేరో పేడ వేసి జవాబిచ్చింది. నవ్వకండర్రా, విచారణ జరుగుతోంది.

ఫెనెల్, నాయనా, లేవకు. అక్కణ్ణుంచే పిలువు.

విన్నావా? గొంతులో చిన్న కూత, అంతే. ఎలా కదిలాయో చూడు. గుమ్మంలో తలలు దూర్చి, కట్టు కట్టిన ఆ చేతిని నాకుతున్నాయి. ముక్కూ మొహం తెలియనివాడి మాట ఏ ఎద్దు వింటుందమ్మా?

టోపీ కింద పడింది డాన్, తీసుకోండి.

రాసుకో తల్లీ, రాసుకో. ఒక్క సంగతి, దేవుడి దగ్గర ఎటూ ఒప్పుకునేదే. నువ్వు జీపు ఇక్కడ వదిలి డాన్ ఇంటికి వెళ్లినప్పుడు వాటి పలుపులు విప్పి, నీ జీపు ముందు చెరకాకు మోపు పడేసింది నేనే. వాటిని అక్కడ నిలబెట్టింది ఆ ఆకు.

కోర్టులో నన్ను మరిచిపో. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పు: వాడు పిలిచాడు, అవి నోటి దగ్గరి మేత వదిలేసి వెళ్లాయి.