డెబ్భై వేల వాలుగీతలు

"పిల్లలూ, ఒక ప్రశ్న. కంప్యూటర్‌లో దాచిన రిపోర్టు ఎక్కడుందో దానికెలా తెలుస్తుంది? తెలీదా? చిరునామా రాస్తాం. గది, బీరువా, అర. మాటకీ మాటకీ మధ్య ఒక వాలుగీత. పాత కంప్యూటర్లకి ఆ గీత ఎడమకి వాలాలి, కొత్తవాటికి కుడికి. తప్పుగా వాలిందా, కొత్తదానికి గదీ కనబడదు, బీరువా కనబడదు."

"అమ్మెందుకు ఫోన్లో అరుస్తోంది అమ్మమ్మా?" అంది పెద్దది.

వాళ్ళమ్మ, అంటే మా అమ్మాయి, పనిచేసే ఆసుపత్రిలో ఈ పొద్దున్నే కంప్యూటర్లు మార్చారు. ఒక పాప ఆపరేషన్‌కి సిద్ధంగా ఉంది. రక్తం రిపోర్టు కనబడటం లేదు. మళ్ళీ పరీక్ష చేయడానికి గంట కావాలి, పాపకి అంత వ్యవధి లేదు. ఆ రిపోర్టుల ప్రోగ్రాము మా అమ్మాయి రాసిందే, పక్కగదిలో కూర్చుని సరిచేస్తోంది.

"వెతుకుతోంది, దొరుకుతుందిలే. నా కథ వినండి. నేను ఉద్యోగం చేసిన ఆసుపత్రిలోనూ కంప్యూటర్లు మార్చినప్పుడు ఇలాగే అయింది. కుర్చీ లాక్కుని కూర్చున్నా. మధ్యాహ్నానికల్లా ఏడు గీతలు తిప్పేశా."

"ఏడేనా?" అన్నాడు చిన్నాడు.

"ఏడనుకున్నాన్రా, లెక్కపెడితే డెబ్భై వేలు! ఎడంచేత్తో టీ తాగుతూ కుడిచేత్తో తిప్పా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వేళ్ళ వేడికి కీబోర్డు కరిగి ఒళ్ళోకి కారింది. ఇంక ఒట్టి చూపుతోనే కానిచ్చా. కళ్ళెర్రజేస్తే చాలు, గీతలు గజగజలాడుతూ ఇటు వాలేవి. పక్క ఆసుపత్రివీ వాలాయి. వీధిలో సైకిళ్ళన్నీ రెండోవైపుకి ఒరిగాయి. మా మేనేజరు పాపిడి ఎడమ నుంచి కుడికి వచ్చేసింది!"

పక్కగదిలో ఫోను మళ్ళీ మోగింది. "ఇంకో పది నిమిషాలు డాక్టరుగారూ..." మా అమ్మాయి బతిమాలుతోంది. నేను ఇంకా గట్టిగా అందుకున్నాను. "ఆకాశంలో విమానం కూడా..."

"అమ్మమ్మా, అన్నీ తిప్పేశావుగా. మరి రిపోర్టు దొరికిందా?" అంది పెద్దది.

విమానాన్ని చూపిస్తూ పైకెత్తిన చెయ్యి దించేశాను.

"కోతలు!" అన్నాడు చిన్నాడు.

"కోతలేరా. ప్రోగ్రాములో రిపోర్టుని చదివే చోట గీతలు తిప్పాను, రాసి దాచే చోట తిప్పడం మరిచిపోయాను. చదివేది బీరువాలో వెతుకుతోంది. రాసేదేమో చిరునామా మొత్తాన్నీ ఒకటే పొడుగాటి పేరనుకుని, రిపోర్టులన్నీ గుమ్మంలోనే కుప్పపోసింది. నేను సాయంత్రం దాకా బీరువాలే గాలించా. చివరికి, రిపోర్టు కోసం ఆగి ఉన్న రోగికి మళ్ళీ రక్తం తీసి పరీక్ష చేసుకుని ఆపరేషన్ చేశారు. ఆ మనిషి బతికాడు. నా గొప్పేం లేదు."

"ఈ కుప్ప సంగతి అమ్మకి తెలుసా?"

మా అమ్మాయి పెరిగింది డెబ్భై వేల గీతల కథ వింటూ. కుప్ప దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కథ ఆపేసేదాన్ని.

"విమానం ఏమైంది?" చిన్నాడు కొంగు లాగాడు.

"వదలరా నాన్నా. మీ అమ్మకి చెప్పాల్సింది సగంలో ఉండిపోయింది, ముందు అది పూర్తిచేసి రావాలి," అంటూ లేచి, మోకాళ్ళ నొప్పి కూడా చూసుకోకుండా పక్కగదిలోకి నడిచాను.