వానను నమ్మి పెట్టిన నిప్పు

గుణదల కొండవాలులో ఒక ఇంటి వెనక ఎండుగడ్డి మండుతోంది. భార్యాభర్తలు గుమ్మంలో నిలబడి ఆకాశంలోకి చూస్తున్నారు.

“ఉరిమిందని గడ్డికి నిప్పు పెట్టేశారా?”

“పాముల భయానికి ఏటా తగలబెట్టేదేగా. వానొచ్చి అదే ఆర్పేస్తుంది.”

“ఏదండీ వాన? మబ్బంతా గన్నవరం వైపు వెళ్లిపోయింది. అక్కడ కుమ్మేస్తోందని చెల్లి ఫోన్ చేసింది.”

“ఇక్కడ చినుకైనా లేదే! నీళ్లెన్ని ఉన్నాయి?”

“రెండు బిందెలు. గాలికి మంట పైకి పాకుతోంది, చూడండి.”

“ఫైరింజన్‌కి ఫోన్ చెయ్యి.”

“ఈ మెట్ల మీదికి ఫైరింజనెలా ఎక్కుతుంది?”

“అయితే పైనింటి అమలమ్మగారిని కిందికి దిగమని కేకెయ్!”

“ఎలా దిగుతారండీ? వానొస్తుందని మీరు చెప్పారనేగా, ఆవిడ కూడా మెట్లకి రెండువైపులా ఉన్న గడ్డికి నిప్పంటించారు!”