హజ్జా బుట్ట

కైరోలో నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి, హజ్ యాత్ర చేసొచ్చిందని అందరూ హజ్జా అని పిలిచే ముసలావిడ, తాడు కట్టిన బుట్టని మళ్లీ దింపింది. కింద రొట్టెల కొట్టు షాబాన్ తలెత్తి చూశాడు.

“పొద్దున్నించీ ఎన్నిసార్లు దింపుతారు హజ్జా! రొట్టెలన్నీ ఒకేసారి పంపెయ్యనా?”

“వద్దు. ఒక్కటే వెయ్యి.”

“షుగరు, మోకాళ్ల నొప్పులు... డాక్టరు కదలొద్దన్నాడుగా?”

“వాడు నా రక్తం చూశాడు గానీ నా బుట్ట చూశాడా? ఇది లాగినంత కాలం నేను బాగున్నట్టే.”

“లాగలేని రోజొస్తే?”

“బుట్ట దిగలేదేమని నువ్వే పైకొచ్చి తలుపు కొడతావుగా.”

షాబాన్ రొట్టె వేసి, తాడు వదిలాడు.

“పండక్కి ఊరెళ్తున్నా హజ్జా. పండగ వెళ్లేదాకా కొట్టు తియ్యను.”

పైకి వెళ్తున్న బుట్ట మధ్యలో ఆగింది.

“అలాగా... అయితే పండగ వెళ్లేదాకా నాకేం కాకుండా చూసుకుంటాలే నాయనా.”