అచ్చియ్యమ్మ ముడుల దారం

అచ్చియ్యమ్మ చేతులకి దురద పట్టుకుంది. మా నాయనమ్మ ఈ కథ ఇక్కణ్ణించే మొదలెట్టేది, నేనూ ఇక్కణ్ణించే మొదలెడతాను. గోదారి లంకల్లో చామంతి తోటలేసే ఇంటికి పెద్దకోడలంట ఆవిడ. ఆ ఇంటికో ఆచారం ఉంది. కార్తీకం మొదలుకొని మాఘం వెళ్లేదాకా గట్టుమీద అమ్మోరికి చామంతి దండ ఆ ఇంటినించే వెళ్లాలి, అదీ పెద్దకోడలే కట్టాలి, ఇంకో చెయ్యి పడకూడదు. అత్తగారు మంగాయమ్మ ముప్ఫయ్యేళ్లు కట్టికట్టి, ఇదిగోనమ్మా ఇంక నీ వంతు అని అరటినార ఈ పిల్ల చేతిలో పెట్టింది. రెండేళ్లు బాగానే కట్టింది అనుకో. మూడో ఏడు ఏమైందంటే, వేళ్ల సందుల్లో చిన్నచిన్న నీటిపొక్కులు లేచినియ్యంట. దురద. గోకితే రసి, రసి ఆరితే పొలుసులు, పొలుసులు రాలితే పగుళ్లు. చేతులనించి మోచేతి మడతల్లోకి, అక్కణ్ణించి మెడకి, మెడమీంచి కంటిరెప్పలకి పాకింది. ఎదురింటి సూరాయమ్మ చూసి, "మంగాయమ్మొదినా, మీ కోడలు మైలచేత్తో దండ కట్టిందేమో, అమ్మోరు పట్టుకుంది" అందంట. అంతే. మర్నాటికల్లా ఆ మాట రేవు దాటి అవతలి ఊరికి కూడా వెళ్లిపోయింది.

అత్తగారు చెడ్డదేం కాదర్రా, భయస్తురాలు. ఇంట్లో రెండేళ్ల పిల్ల ఉంది, అచ్చియ్యమ్మ కూతురు, బుల్లెమ్మ. దానికెక్కడ అంటుకుంటదోనని భయం. అది ఒకళ్లనించి ఒకళ్లకి అంటుకునేది కాదని అప్పుడెవరికి తెలుసు? పిల్లని చంకనేసుకుని, "నువ్వు కొన్నాళ్లు పూలపాకలో పడుకోవే" అంది. పూలపాకంటే పెరటి చివర, కోసిన చామంతులన్నీ రాశిపోసే తాటాకు పాక. పైగా అమ్మోరికొక మొక్కు కూడా మొక్కి, కోడలికిలా చెప్పింది. "రోజుకో నిలువెత్తు దండ నీ చేత్తోనే కట్టు. అమ్మోరి మెళ్లోంచి తీసిన పూలు నేను తెచ్చిస్తాను, వాటితో మొహం తుడుచుకో, తలకింద పెట్టుకు పడుకో. మాఘం వెళ్లేలోపు తగ్గితే సరే. తగ్గకపోతే మీ నాన్నకి కబురెడతాను, నువ్వు వెళ్దువుగాని. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటది." మొగుడు గవర్రాజున్నాడు, నోట్లో మాట లేని మనిషి. కంచం గుమ్మంలో పెట్టి, "తిను" అనేసి వెళ్లిపోయేవాడంట. మీకప్పుడే అర్థమైపోయినట్టుంది, నవ్వుకుంటున్నారు. నవ్వకండమ్మా. ఆ ఇంట్లో అప్పటికెవ్వరికీ అర్థం కాలేదు, పాపం ఆవిడక్కూడా.

ఆవిడ కట్టింది. భక్తిగా కట్టింది. కంటిరెప్పలు వాచి తెరుచుకోకపోతే వేళ్లతో తడుముకుంటూ కట్టింది. దండ అయిపోయాక ఇంక పనేముంది, తాటాకుల సందులోంచి పెరట్లోకి చూస్తా కూచునేది. అక్కడ పిల్ల కోడిపిల్లల వెంట పరిగెత్తుతుంటే ఇక్కడ ఈవిడ చేతులు చాపేది, మళ్లీ తనే మడుచుకునేది. మాట్లాడ్డానికొక మనిషి లేక, చివరికి దారంతో మాట్లాడుకోవడం మొదలెట్టిందంట. ఒక నూలుదారం తీసుకుంది. దురద భరించలేనంత ఉన్న రోజు ఒక ముడి. నెమ్మదించిన రోజు ముడి లేకుండా వేలెడు దారం వదిలెయ్యడం. వంకాయ మానేసింది, ముడి పడింది. చేప మానేసింది, ముడి పడింది. గోంగూర మానేసి ఉత్తి గంజి తాగింది, ముడే. పాపం పోవాలని మూడుపూటలా చన్నీళ్లు పోసుకుని వేపాకు ముద్ద పెట్టి రుద్దుకుందనుకో, అప్పుడు మరీ పెద్ద ముడి. ఒకనాడు బుల్లెమ్మ జారిపడి, ఏడుస్తా మంగాయమ్మ కాళ్లు చుట్టేసుకుని "అమ్మా" అందంట. ఈవిడ సందులోంచి విన్నది. ఆ రోజు వొళ్లంతా గోళ్లతో చీరేసుకుంది. ఒకే చోట రెండు ముడులేసింది.

ఇలా ఉండగా మార్గశిరంలో తుఫానొచ్చింది. తోటలో పూలన్నీ కుళ్లిపోయినియ్యి, పాక కప్పు లేచి గోదాట్లో పడింది. ఏం చేస్తారు, అచ్చియ్యమ్మని గేదెల కొట్టంలోకి మార్చారు. పువ్వే లేదు, దండేం కడతది? నీళ్లన్నీ బురదైపోయి చన్నీళ్ల స్నానాలూ ఆగినియ్యి. చేతులు పగిలి మండుతుంటే గూట్లో ఉన్న కొబ్బరినూనె రాసుకుని, గేదె వీపుకానుకుని పడుకుంది. తొమ్మిది రోజులకి పాక మళ్లీ నేశారు, నీళ్లెక్కని మెరకతోటనించి పూలు తెచ్చి పోశారు, ఈవిణ్ణీ తెచ్చి అందులో పెట్టారు. మూడోరోజుకల్లా కళ్లు మూసుకుపోయినియ్యి. సరే ముడేద్దామని దారం తీసింది కదా, చేతికి నున్నగా తగిలిందంట. తొమ్మిది వేళ్ల దారం, ఒక్క ముడి లేదు! ఆ తొమ్మిది రోజులూ ఏం తిన్నాను అనుకుంది. వరదలో కొట్టుకొచ్చిన చేపల పులుసే తిన్నాను. పాపమేమన్నా తక్కువ చేశానా? ఉన్న పాపం ఉన్నట్టే ఉంది. మరి లేనిదేంటి? వేళ్లతో రెప్పలు విడదీసి చూసింది. నాలుగు పక్కలా పచ్చగా చామంతులు.

అమ్మోరి పువ్వుని అనుమానించడమంటే మాటలా? ఆ కూచున్నచోటే దణ్ణం పెట్టుకుంది. "అమ్మా, నీ పువ్వుని అనుమానిస్తున్నాను. తప్పైతే ఉన్న కళ్లు కూడా తీసుకో. తప్పు కాకపోతే నా పిల్లని నాకియ్యి." అని, ఒక చామంతి నలిపి కుడిచేతి పైన, ఇంకా మంచిగా ఉన్నచోట పెట్టి గుడ్డతో కట్టుకుంది. ఎడంచేతికి అలాగే మందారప్పువ్వు నలిపి కట్టుకుంది. రెండ్రోజులాగి విప్పింది. ఎడంచెయ్యి మామూలుగా ఉంది. కుడిచేతి మీద పువ్వంత మేర ఎర్రగా పొంగి, నీటిపొక్కులు.

మంగాయమ్మ ఎప్పట్లాగే అమ్మోరి వాడినపూలు కొంగులో కట్టుకుని వచ్చింది. అచ్చియ్యమ్మ రెండు చేతులూ చూపించి, సంగతి చెప్పింది. "చాల్లేవే, అమ్మోరి మీద నేరం మోపుతున్నావా? ముప్ఫయ్యేళ్లు కట్టాను నేను, చూడు నా చేతులు, ఏవయింది?" "ఏం కాలేదత్తా. మీ తమ్ముడికి రొయ్య పడదు కదా, తింటే మూతి బూరెలాగా పొంగుద్ది. మనందరం తింటున్నాం, మనకేమీ కాదు. అది అమ్మోరి కోపమా, రొయ్య కోపమా?" మంగాయమ్మకి నవ్వాగలేదంట. నవ్వి, అంతలోనే భయమేసి లెంపలేసుకుంది. "మరి రెండేళ్లు కట్టావుగా, అప్పుడు లేదేం?" "అప్పుడు వొళ్లు ఓర్చుకుంది, ఇప్పుడు ఓర్చుకోలేకపోతుంది. మా నాన్నకి ఉబ్బసం, మా మేనత్తకి మోకాళ్ల వెనక చిన్నప్పణ్ణించీ దురదే. మా వాళ్ల తోలే అలాంటిదత్తా. దానికి తోడు పువ్వు, చన్నీళ్లు, వేపాకు, ఈ చలిగాలి." అంటూ దారం చాపి, ముడంటే దురద పెట్టిన రోజని చెప్పింది. అత్తగారు దారం అందుకుంది. ముప్ఫయ్యేళ్లు దండలు కట్టిన చెయ్యి కదా, చూడక్కర్లేదు, వేళ్లతోనే చదివేస్తా పోయింది. ఒకచోట ఆగి, "ఇక్కడ రెండున్నాయేంటే?" అంది. "అది బుల్లెమ్మ మిమ్మల్ని అమ్మా అన్న రోజత్తా." మంగాయమ్మ దారం కోడలి ఒళ్లో పెట్టేసింది. తెచ్చిన పూలు తెచ్చినట్టే కొంగులో కట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే పాకలో పూలన్నీ అరుగుమీదకి తెప్పించి, అక్కడ కూచుని దండ తనే కడుతోంది. సూరాయమ్మ, "అదేంటొదినా, ఇంకో చెయ్యి పడకూడదుగా?" అంటే, "పడకూడదన్నది మా అత్తగారు. అమ్మోరు నాతో ఎప్పుడూ అన్లేదు" అందంట.

మాఘం వెళ్లేసరికి చేతులు తేరుకున్నాయి. అచ్చియ్యమ్మ ఇంట్లోకొచ్చింది. వచ్చి రెండు చేతులూ చాపితే, పిల్ల మంగాయమ్మ చీర కుచ్చెళ్ల వెనక్కి వెళ్లి దాక్కుంది. "అమ్మే, వెళ్లవే" అని మంగాయమ్మ అంటే, "కాదు, పాకలో అమ్మ" అందంట. అచ్చియ్యమ్మ ఏడవలేదు, పిలవలేదు. అంత దూరంలో గోడకానుకుని కూచుని, ఆ దారం తీసి ఒక్కొక్క ముడే విప్పడం మొదలెట్టింది. సాయంత్రానికి పిల్ల దగ్గరకొచ్చి దారం రెండో కొస పట్టుకుంది. ఆ రోజుకి అంతే.

ఆ బుల్లెమ్మే మా నాయనమ్మ. మనవల్నెత్తాక కూడా వాళ్లమ్మని తలుచుకుంటే "పాకలో అమ్మ" అనే నోరుజారేది. దారం నా దగ్గరే ఉంది, దేవుడి గూట్లో, విప్పగా మిగిలిన ముడులతో. మా ఇళ్లల్లో ఎవరికైనా దురదొస్తే ఏం పాపం చేశావని అడగం, ఏం ముట్టుకున్నావని అడుగుతాం. నాకూ పడదమ్మా చామంతి. మా చిన్నకోడలు శుక్రవారం శుక్రవారం తెస్తది, దండ అయ్యేదాకా నేను వీధరుగు మీదే కూచుంటాను. అమ్మోరేమీ అనుకోదు. అనుకునేది కోడలే, పని తప్పించుకోడానికి అత్తగారికి మంచి వంక దొరికిందని.