ఆవుకు తెలిసిన పిలుపు

తమిళనాడులో తిరుత్తణి పక్క పల్లెలో, ఒక అవ్వ కొత్తగా కొన్న ఆవు పొదుగు వాచి, నిన్నటి నుంచీ మేత ముట్టలేదు. పశువుల డాక్టరమ్మ సూది వేసి లేచినా అవ్వ గుండె కుదుటపడలేదు.

“ఇది పురుగును చంపే మందా మా?”

“కాదవ్వా. ఒంట్లో కావలి కాసే కణాలుంటాయి. వాటిని లేపేదానికి ఒళ్ళే ఒక ప్రోటీనును పంపిస్తాది, కేకేసినట్టు. ఆ కేకనే మేం సూదిలో పెట్టినాము. ఇంకా పరీక్షలోనే ఉండాది.”

“మనుషుల కేకా?”

“మనుషులది దీనికి సరిగ్గా పట్టదు. అందుకే ఆవుదే తయారుచేసినాము.”

“నా కేకా దీనికి పట్టలేదు మా. వచ్చినప్పటి నుంచీ ‘లేయి తల్లీ, రా తల్లీ’ అంటానే ఉండాను. చెవి కూడా ఆడించదు. నేనంటే గిట్టలేదేమో.”

“యాడ కొన్నారు?”

“పెరియపాళయంలో, సెల్వి అనే ఆమె దగ్గర. తోలుకొస్తా ఉంటే ఏడ్చేసింది పాపం.”

“ఆమె అరవంలో కదా అవ్వా పిలిచుంటాది?”

పుట్టినప్పటి నుంచీ తెలుగూ అరవమూ రెండూ మాట్లాడే అవ్వకు ఈ సంగతే తట్టలేదు. గంగడోలు నిమురుతూ ఆవు చెవి దగ్గరికి వంగి, అదే పిలుపును అరవంలో పిలిచింది.

“ఎళుందిరు కణ్ణు... వామ్మా.”

చెవి కదిలింది. తర్వాత తల మెల్లగా ఆమె వైపు తిరిగింది.

“మందు పనిచేసేదానికి ఇంకా కొంత పొద్దు పడతాది అవ్వా.”

“పట్టనీ మా. అంతదాకా నేను పిలుస్తా ఉంటాను.”