వేడెక్కాక పోయే నొప్పి

సభకు పెద్దగా కూర్చున్న కొరోస్ తాతగారికి, మా పరుగుల శిబిరం యజమాని చెరుతిచ్ గారికి, పొద్దుటి పరుగు ముగించుకుని చెమటైనా ఆరకుండా వచ్చిన మన ఇటెన్ ఊరి పిల్లలందరికీ నమస్కారాలు.

మీ కాళ్ళు పిసికి పిసికి నా చేతులు అరిగిపోయాయని, అందుకే పని మానేస్తున్నానని చెరుతిచ్ గారు ఇందాక చెప్పారు. చేతులు బాగానే ఉన్నాయండీ, అరిగింది నోరు. (నవ్వులు) పొద్దున మంచం దిగగానే మడమ వెనక నరం పట్టేస్తుంది, కుంటుతూనే ఎర్రమట్టి దారికి వస్తారు, గుంపుతో కాసేపు పరిగెత్తి ఒళ్ళు వేడెక్కాక నొప్పి పోతుంది, "తగ్గిపోయిందన్నా" అని సంబరపడతారు. అది తగ్గడం కాదు, దాక్కోవడం, మర్నాడు మళ్ళీ వస్తుందని నేను చెబుతూనే ఉంటాను. మరీ ముదిరితే ఊరికి పోయి కాళ్ళు చాపుకుని పడుకుంటారు, తిరిగొచ్చిన రోజే కొండదారిన పరుగు మొదలెడతారు. పడుకుంటే నరం బలపడదు. పరుగు తగ్గించి, మెట్టు అంచున నిలబడి, మడమలెత్తి మెల్లగా దించుతూ, నెలల తరబడి కొంచెం కొంచెంగా బరువు పెంచుకుంటూ పోవాలి. పందెం గెలిచొచ్చినవాళ్ళకు మన ఆచారం ప్రకారం పులిసిన పాలు నింపిన సొరబుర్ర నోటికి పడతాం, ఈ పనికి మాత్రం ఎవరూ పట్టరు.

గుంపులోంచి తప్పుకోవడం మనకు సిగ్గు. ఆ సిగ్గు వల్ల బాగుపడేది ఎవరు? నొప్పి మీది, పేరు శిబిరానిది.

అదిగో, వెనక వరసలో జెలగాట్. ఆమె మడమ వెనక వాపు చేతికి తగులుతోంది. అయినా సూది వేయించి ఆదివారం పందెంలో దింపుతారట. ఆ సూదితో నొప్పి తెలియకుండా పోవచ్చు, నరం మాత్రం బలహీనపడి పరుగు మధ్యలో తెగొచ్చు.

"వేడెక్కాక నొప్పుండదన్నా," అంటోంది. (నవ్వులు) నవ్వకండి.

చెరుతిచ్ గారూ, వీడ్కోలు కానుకగా మీరిచ్చే పొట్టేలు నాకు వద్దు. దానికి బదులు పందెంలోంచి ఆమె పేరు తీసేయండి.

"వీడ్కోలు సభలో ఈ పంచాయితీ ఏంటి బివోట్? రేపు మాట్లాడుకుందాం."

రేపు నేనుండను కదండీ.

"తీసెయ్యవయ్యా," అంటున్నారు కొరోస్ తాతగారు. "వాణ్ణి ఎంతసేపు నిలబెడతావు?"

"సరే. ఈసారికి తీసేస్తాను."

ఈసారికి. ఇన్నేళ్ళుగా నన్ను అలసిపోయేలా చేసింది ఈ మాటే, అయినా కాదనను. ఏడవకు జెలగాట్ తల్లీ. సోమవారం గుంపు కదిలాక నువ్వొక్కదానివే వెనక ఉండిపోవాలి, పందెం కన్నా అదే కష్టం. మీలో ఎవరైనా ఒకరు ఆ పూట పరుగు మాని ఆ మెట్టు దగ్గర ఆమె పక్కన నిలబడండి, నాకు ఆ సన్మానం చాలు. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.